కూలరు అట్టపెట్టెలో రెండిళ్ళు

మైదా జిగురు ఉడికించేటప్పుడు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు, బొద్దింకలు తినకుండా. అది విషం, నేను వెయ్యను. పిల్లలు ఆ జిగురును వేళ్ళతో తీసి అట్టలకు పూస్తారు, పూసిన వేళ్ళు నాకుతారు. ఆ రోజు పొద్దున్న స్టవ్ మీద గిన్నె పెట్టి ఉండ కట్టకుండా కలుపుతుంటే, కాఫీ గ్లాసు సింకులో పడేయడానికి వచ్చిన మా ఆయన గిన్నెలోకి తొంగి చూశారు.

"మైలుతుత్తం వేశావా?"

"లేదండి."

"వెయ్యకపోతే బొద్దింకలు పడతాయి. రెండ్రోజుల్లో బొమ్మలన్నీ పాడైపోతాయి."

"బొమ్మలు పాడైతే మళ్ళీ చేసుకుంటారు," అన్నాను.

మా ఆయన చంద్రరావు హైస్కూల్లో లెక్కల మాస్టారు. సలహా చెప్పడం ఆయన ఉద్యోగం. వేసవిలో స్కూలు ఉండదు కాబట్టి ఆ ఉద్యోగం ఇంట్లో చేస్తారు. ఏప్రిల్ చివర్లో స్కూలు మూసింది మొదలు జూన్‌లో తెరిచేదాకా ఆయనకు సెలవులు, మా అమ్మాయి హేమశ్రీకి సెలవులు, జంగారెడ్డిగూడెం నుంచి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చే మా ఆడపడుచు హైమకు సెలవులు. మా అత్తగారు మహాలక్ష్మమ్మగారికి ఏడాది పొడుగునా సెలవులే గనక ఆవిడని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఈ సెలవులన్నీ మండపేటలో మా ఇంట్లోనే జరుగుతాయి. అందరి సెలవులకీ వంట నేను చేస్తాను.

ఆ ఏడు హైమ వస్తుందని కూలరు కొన్నారు. దాన్ని హాల్లో పెట్టారు. వంటింటి వైపు కాస్త తిప్పకూడదా అని నేను అడగలేదు. అడిగితే, గ్యాస్ ఆరిపోదూ అనే జవాబు తయారుగా ఉంటుందని నాకు తెలుసు. కానీ కూలరు వచ్చిన అట్టపెట్టె మాత్రం నాకిచ్చేయమన్నాను. నా ఎత్తులో సగం ఉంది, గట్టి అట్ట. పాత కాగితాలవాడికి వేసేద్దామనుకున్నారు గానీ, సరే తీసుకో అన్నారు. అడిగిన వెంటనే ఏదైనా దొరకడం ఆ ఇంట్లో నాకు అలవాటు లేదు కాబట్టి ఆ సంగతి బాగా గుర్తుంది.

నాకూ ఒక పుట్టిల్లుంది, పెద్దాపురంలో. పొద్దున్న టిఫిను తిని బయల్దేరి సామర్లకోటలో బస్సు మారితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండొచ్చు. అంత దగ్గరలో ఉన్న ఊరికి నేను వెళ్ళాలంటే అక్కడ ఏదో ఒకటి జరగాలి. హేమశ్రీ పుట్టినప్పుడు పురిటికి వెళ్ళాను. నాన్న పోయినప్పుడు వెళ్ళాను, అమ్మ పోయినప్పుడు వెళ్ళాను. తమ్ముడు ఉదయ్‌భాస్కర్ పెళ్ళికి వెళ్ళి, వాడి భార్య రత్నమాణిక్యం గడపలో అడుగు పెట్టిన సాయంత్రమే తిరిగి వచ్చేశాను. పెళ్ళో పురుడో చావో ఉంటే మా ఆయన అడ్డు చెప్పరు, తనే దగ్గరుండి తీసుకెళ్తారు. ఏమీ లేనప్పుడు వెళ్తానంటే మాత్రం ఆయనకు అర్థం కాదు. "ఇప్పుడక్కడ ఎవరున్నారని?" అంటారు. నేను అక్కడ ఎవరినో చూడాలని కాదు. వారం రోజులు, ఎవరో లేపితే తప్ప లేవకుండా పడుకోవాలని. నేను పెరిగిన ఇంటి అరుగు మీద ఎండ ఎక్కేదాకా పని లేకుండా కూర్చోవాలని. ఈ మాట పైకి చెబితే బద్ధకంలా వినబడుతుంది.

పైగా నేను వెళ్ళగలిగేది మే నెలలోనే, హేమశ్రీకి సెలవులున్నప్పుడు. ఆ మే నెలలోనే హైమ వస్తుంది. "ఆడపిల్ల ఇంటికొస్తే గుమ్మంలో కోడలు కనబడకపోతే ఎలాగమ్మా," అంటారు మా అత్తగారు. ఆవిడ అన్నది తప్పని కూడా అనలేను, అందరిళ్ళల్లో అంతే. "హైమ వచ్చి వెళ్ళనీ, తర్వాత చూద్దాం," అంటారు మా ఆయన. హైమ వెళ్ళేసరికి స్కూళ్ళు తెరుస్తారు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ చిన్న లెక్క లెక్కల మాస్టారికి తేలలేదు. ఆ ఏడు కూడా ఏప్రిల్‌లో అడిగాను. అదే జవాబు వచ్చింది. ఇంకోసారి అడగడానికి నాకే సిగ్గేసి ఊరుకున్నాను.

హైమకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు మణిదీప్‌కి పదేళ్ళు. వాడి తర్వాతి పిల్లను ఇంట్లో అందరూ చిన్నమ్మాయి అనే పిలుస్తారు, మా హేమశ్రీ ఈడుది. ఆఖరివాడు గణేష్‌బాబు అప్పుడప్పుడే అడుగులు వేస్తున్నాడు. ఏది కనబడితే అది నోట్లో పెట్టుకునే వయసు. వాళ్ళు దిగిన మర్నాటికే, "అత్తా, బోరు కొడుతోంది," అని నా వెనక తిరగడం మొదలుపెడతారు. పెళ్ళికి ముందు రెండేళ్ళు పెద్దాపురంలో ఒక కాన్వెంటులో ఎల్.కె.జి. పిల్లలకు చెప్పాను. ఆ స్కూల్లో బొమ్మలు కొనేవాళ్ళు కాదు. ఉన్నదల్లా ఒక గది, సుద్దముక్కలు, గదినిండా ఏడ్చే పిల్లలు. ఇంట్లో పారేసే వస్తువులతో బొమ్మలు చేయించడం అక్కడే నేర్చుకున్నాను, ప్రాణం మీదికొచ్చి.

నేను పిల్లలకు బొమ్మలు చేసి ఇవ్వను, వాళ్ళ చేతే చేయిస్తాను. ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు గణేష్‌బాబు వైపు చూస్తాను. వాడి గుప్పిట్లో దాగేదేదైనా వాడి నోట్లోకి పోతుంది, నోట్లోకి పోయింది గొంతులోకి పోతుంది. అందుకని బొత్తాలు, పూసలు, చింతగింజలు పనికిరావు. గుండుసూది పేరెత్తకూడదు. కొబ్బరి చిప్పలతో త్రాసు కట్టాలంటే ముందు వాటి అంచులు గచ్చు మీద నీళ్ళు చల్లుకుంటూ నున్నగా అరగదీయాలి. మణిదీప్ ఆ పని పళ్ళు బిగించి చేస్తాడు, ఆ కాసేపూ వాడి నోరు మూతబడుతుంది. అగ్గిపెట్టెల రైలుకి పెట్టెల పక్కనుండే మందుపట్టీ తడిపి గీకేయాలి, అది ఆడపిల్లలిద్దరి పని. ముంజెలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలకు కర్ర గుచ్చి బండి చేస్తే, కర్ర కొసలకు పాత గుడ్డ చుట్టాలి, పడితే కంట్లో గుచ్చుకోకుండా. రంగులకి పసుపు, బీట్‌రూటు నీళ్ళు. గణేష్‌బాబు ఆడించుకోవడానికి పౌడరు డబ్బాలో గుప్పెడు శనగలు పోసి, మూత ఊడకుండా డబ్బా మొత్తానికి గుడ్డ తొడిగి కుట్టేశాను. వాడు దాన్ని నేలకేసి బాదుతూ ఇల్లంతా తిరిగేవాడు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకిష్టం. వండింది తినేస్తారు, తోమిన గిన్నెలు మళ్ళీ అంట్లవుతాయి, ఉతికినవి మాసిపోతాయి. రోజు మొత్తంలో నేను చేసినవాటిలో మర్నాడు పొద్దున్నకి మిగిలేది అదొక్కటే. కాకపోతే దాన్నెవరూ పని అనరు. పిల్లలతో ఆడుకుంటోంది అంటారు. మా ఆయన బోర్డు మీద త్రికోణం గీస్తే ఉద్యోగం, నేను అట్టతో త్రికోణం కోయించి ఇంటికప్పు పెట్టిస్తే ఆట. హైమ అయితే మెచ్చుకుంటుంది కూడా. "నీ దగ్గరుంటే వీళ్ళు నన్ను అన్నం కూడా అడగరు వదినా, నీ చేతిలో ఏదో ఉంది," అని కూలరు ముందు చాప వేసుకుంటుంది. ఆమె మెచ్చుకున్న ప్రతిసారీ నాకో గంట పని పెరుగుతుంది.

ఆ అట్టపెట్టెతో ఏం చేద్దామని నేను ఆలోచిస్తుండగానే పిల్లలు తేల్చేశారు. తాటాకు బొమ్మల పెళ్ళి చెయ్యాలట. పెట్టెను సగానికి కోసి రెండిళ్ళు కట్టాలట, ఒకటి పెళ్ళికొడుకుది, ఒకటి పెళ్ళికూతురిది. ముంజెలమ్మే అతను లేత తాటాకు తెచ్చిచ్చాడు. దాని అంచు చెయ్యి కోస్తుంది కాబట్టి ఈనెలు తీసి, అంచులు కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి మెత్తబడ్డాక పిల్లల చేతికిచ్చాను. మడత పెట్టి, నడుం దగ్గర నారతో కట్టి, పై మడతను తలలా విప్పితే బొమ్మ అవుతుంది. పెళ్ళికూతురికి నా పాత జాకెట్టు గుడ్డతో చీర కట్టారు. కళ్ళు మాత్రం కాటుకతో పెట్టమన్నాను. అది మా అత్తగారికి నచ్చలేదు.

"కళ్ళు కానరాని పెళ్ళికూతురేంటే, దిష్టిబొమ్మలా," అంటూ ఆవిడ దేవుడి అలమరలోంచి చిన్న డబ్బా తీశారు. అందులో గురివింద గింజలున్నాయి. చవితికి మట్టి వినాయకుడి కళ్ళకి పెట్టేవి, ఎర్రగా, చివర నల్లబొట్టుతో. పిల్లలు ఎగబడ్డారు.

"వద్దండి అత్తయ్యా, అవి విషం. పిల్లాడు కొరికితే ప్రాణానికే ముప్పు," అన్నాను.

"దేవుడి కళ్ళకి పెట్టేవి విషమేంటమ్మా. నువ్వు మరీను," అన్నారావిడ. కానీ డబ్బా మూసి లోపల పెట్టేశారు. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక పెరట్లో కుళాయి దగ్గర అంట్లు తోముతున్నాను. ఎండకి కుళాయి నీళ్ళు కాలిపోతున్నాయి. హాల్లో కూలరు తిరుగుతోంది, దాని ముందు మా ఆయన, హైమ, మా అత్తగారు వరసగా పడుకున్నారు. పెద్ద పిల్లలు గదిలో అట్ట ఇళ్ళకి జిగురు పూస్తున్నారు. తోమడమయ్యాక చేతులు తుడుచుకుంటూ లోపలికి వస్తే గుమ్మం పక్కన పెళ్ళికూతురి బొమ్మ పడి ఉంది. కాటుక కళ్ళ మీద జిగురు మరక. ఒక పక్కన ఎర్రటి గురివింద గింజ అంటించి ఉంది. రెండో పక్క లేదు.

గబగబా పిల్లాడి కోసం చూశాను. గణేష్‌బాబు కూలరు పక్కన బుగ్గ ఉబ్బించుకుని కూర్చుని నన్ను చూసి నవ్వాడు. వాడిని ఒళ్ళోకి లాక్కుని, బోర్లా వంచి, బుగ్గలోంచి గింజను వేలితో బయటికి తీశాను. నిగనిగలాడుతూ చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద పంటి గాటు పడలేదని వెలుతురులో తిప్పి తిప్పి చూశాక గానీ నాకు ఊపిరాడలేదు. ఆ కంగారులో వాడి నోరు నొప్పెట్టించినట్టున్నాను, గుక్కపట్టి ఏడ్చాడు. అందరూ లేచారు. హైమ ఒక్క ఉదుటున వచ్చి పిల్లాణ్ణి లాక్కుంది.

"నీ బొమ్మలొద్దు, ఏమొద్దు వదినా. వీడికేమైనా అయితే నేను వాళ్ళ నాన్నకి ఏం చెప్పాలి," అంది ఏడుస్తూ.

మా ఆయన చాప మీద నుంచి లేవకుండానే అన్నారు. "నీకు ఇంట్లో ఉన్న పనల్లా ఆ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడం. అదీ చేతకాకపోతే ఎలా వరహాలూ."

నా మోచేతికి ఇంకా సబ్బు నురగ ఉంది. ఆయనకది కనబడనే లేదు. పిల్లాడికి చెయ్యందేంత దూరంలో ముగ్గురు పెద్దవాళ్ళున్నారు, నేను పెరట్లో ఉన్నాను, అయినా కనిపెట్టుకుని ఉండాల్సింది నేను. "ఆ గింజలు బొమ్మకి ఎవరు పెట్టారు?" అని అడిగాను. చిన్నమ్మాయి గది గుమ్మంలోంచి, "అమ్మమ్మే ఇచ్చింది. అత్త చూడకుండా పెట్టుకోండన్నది," అని నిజం చెప్పేసింది. మా అత్తగారు జుట్టు ముడి వేసుకుంటూ, "చవితికి దేవుడికి పెట్టేవి కదా అనుకున్నాను," అన్నారు. ఆవిడ నిజంగానే భయపడ్డారు. అప్పుడైనా మా ఆయన తన మాట వెనక్కి తీసుకుంటారేమోనని చూశాను.

"సరేలే, అమ్మకేం తెలుసు. తెలిసినదానివి నువ్వు చూసుకోవాలి కదా," అన్నారు.

తెలియని వాళ్ళ తప్పు లేదు, నిద్రపోయిన వాళ్ళ తప్పు లేదు. తెలిసినందుకు తప్పు నాదైంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంత కోపం నాకు అంతకు ముందెప్పుడూ వచ్చినట్టు లేదు. ఏం చెయ్యాలో తెలియక ఆ డబ్బా తీసుకెళ్ళి గింజలన్నీ మురిక్కాలవలో పోసేసి, డబ్బా కడిగి బోర్లించాను. సాయంత్రం అందరికీ టీ పెట్టాను.

బొమ్మలన్నీ పారెయ్యమని మా ఆయన చెప్పారు గానీ, పిల్లలు మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంటే మర్నాటికి ఆయనే మెత్తబడ్డారు. పెళ్ళి జరిగింది. కళ్ళు మళ్ళీ కాటుకతో పెట్టారు. నేను వంటింట్లో పెసరట్టు పిండి రుబ్బుకుంటూ గదిలో మాటలు వింటున్నాను. మణిదీప్ పెళ్ళికొడుకు తండ్రి. "మా వైపు వాళ్ళకి ఇంకా కాఫీలందలేదండీ," అని గొంతు పెద్దది చేసి అరుస్తున్నాడు. చిన్నమ్మాయి అత్తగారు. "పిల్లకి పనీపాటా వచ్చండీ?" అని అడుగుతోంది. హేమశ్రీ పెళ్ళికూతురి తల్లి. "అన్నీ వచ్చండి, బొమ్మలు చేయడం కూడా వచ్చు," అంటోంది. నాకు నవ్వొచ్చింది. పసుపు బియ్యం చల్లారు, బెల్లం ముక్క పంచుకున్నారు, బొమ్మను అప్పగించారు.  తర్వాత హేమశ్రీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, పెళ్ళికూతురి పుట్టిల్లు మణి బావ కోసేస్తున్నాడు."

వెళ్ళి చూశాను. రెండిళ్ళలో పెళ్ళికూతురి ఇల్లే బాగా కుదిరింది. దానికి ముందు అగ్గిపెట్టెలు పేర్చి అరుగు కట్టింది హేమశ్రీ, నేను చెప్పిన కొలతలతో. ఇప్పుడు దాని కప్పు ఊడిపోయి పక్కన పడుంది. మణిదీప్ నేను వాళ్ళకిచ్చిన మొండి కత్తెరతో చాలా శ్రద్ధగా ఒక గోడను కోస్తున్నాడు.

"ఎందుకురా?" అన్నాను.

"పెళ్ళికొడుకు ఇంటికి వంటిల్లు పెట్టడం మర్చిపోయాం అత్తా. ఇంకో అట్ట లేదుగా. పెళ్ళైపోయింది కదా, ఈ ఇల్లు ఇంక ఖాళీయే."

"మరి బొమ్మ వాళ్ళ పుట్టింటికి వెళ్ళాలనుకుంటే?" అంది హేమశ్రీ. 

"ఎందుకెళ్తుంది? సెలవుల్లో వీళ్ళింటికి ఆడపడుచు వస్తుంది. అప్పుడు వంటెవరు చేస్తారు? అత్త కూడా ఎక్కడికీ వెళ్ళదుగా," అన్నాడు వాడు.

వాడు వెటకారంగా అనలేదు. మంచి పిల్లాడు, నా కొంగు పట్టుకుని తిరిగేవాడు. చూసింది చూసినట్టు చెప్పాడు, వాళ్ళ మామయ్య లెక్క చెప్పినట్టు. హేమశ్రీ నా వైపు చూసింది. నిజమేనా అని అది అడగలేదు. ఏదో ఒకటి అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. అది ఒక్క క్షణం నా మొహం చూసి, వంగి, ఊడిపోయిన అగ్గిపెట్టెలు ఏరి మణిదీప్ చేతికి అందించింది, వంటింటి గట్టుకి పనికొస్తాయని. ఆ అందించడం నేను చూడలేకపోయాను. నేను నోరెత్తి ఒక్క పాఠమూ చెప్పకుండానే నా కూతురు అంతా నేర్చేసుకుంది.

ఆ సాయంత్రం పెసరట్లు అందరికీ వేసి, నా అట్టు నేను కూడా ప్లేటులో పెట్టుకుని హాల్లోకి వచ్చి కూలరు ముందు కూర్చున్నాను. అందరూ తిరిగి చూశారు.

"రేపు నేనూ హేమశ్రీ పెద్దాపురం వెళ్తున్నాం. వారం రోజులుండి వస్తాం," అన్నాను.

"ఏమైంది? ఎవరికి బాగాలేదు?" అన్నారు మా ఆయన.

"అందరూ బాగానే ఉన్నారండి."

"మరేంటి పని?"

"పనేం లేదు. నాకు వెళ్ళాలని ఉంది."

మా అత్తగారు ప్లేటు కింద పెట్టారు. "నిన్నటి దానికి మనసులో పెట్టుకున్నావా అమ్మా?" అన్నారు. పెట్టుకున్నాను, కానీ వెళ్ళేది అందుక్కాదు అని చెప్పాను. ఆవిడకు అర్థమైందో లేదో తెలియదు.

"ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని నువ్వెళ్ళిపోతే వీళ్ళందరికీ ఎవరు చేస్తారు?" అన్నారు మా ఆయన.

"చేతులున్న వాళ్ళు నలుగురం ఉన్నాం కదండీ ఇంట్లో. నేను పోగా ఇంకా ముగ్గురు మిగుల్తారు," అన్నాను.  లెక్కల మాస్టారు స్కూలు తెరిచేలోపు వస్తావా అని మాత్రం అడిగారు. వస్తానన్నాను.

తర్వాత హైమ వంటింట్లోకి వచ్చి, స్టవ్ గట్టుకి ఆనుకుని నిలబడింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె కోప్పడలేదు.

"మా ఇంట్లో పండగ సెలవులు రాగానే మా ఆడపడుచులొస్తారు. అప్పుడు నేనూ నీలాగే వదినా, ఉదయం లేస్తే స్టవ్ దగ్గరే. ఏడాది మొత్తంలో నాకీ నెలే. నువ్వు లేకపోతే ఇది పుట్టిల్లెలా అవుతుంది? ఇంకో అత్తారిల్లవుతుంది," అంది.

ఆ మాట నిజం. నాలుగు రోజులు పొద్దెక్కేదాకా పడుకుంటుందని హైమ మీద ఎన్నోసార్లు విసుక్కున్నాను గానీ, ఆమె అక్కడ పదకొండు నెలలు ఎలా లేస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. జాలిపడి ఆగిపోతానేమోనని నాకే భయమేసి, గణేష్‌బాబుకి గింజలున్న బొమ్మలేవీ ఇవ్వద్దని, మజ్జిగ ఎక్కడుందో, పప్పులు ఏ డబ్బాల్లో ఉన్నాయో గబగబా చెప్పేశాను. వెళ్ళొస్తాను హైమా అన్నాను.

పొద్దున్న బస్టాండులో ఎస్టీడీ బూత్ నుంచి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కూడా మొదట, "ఏమైందక్కా?" అనే అన్నాడు. ఏం కాలేదు, వస్తున్నాను అని చెబితే, "రా అక్కా, రత్నానికి చెప్తాను," అన్నాడు. బస్సులో హేమశ్రీ కిటికీ పక్క కూర్చుని దారి పొడుగునా ప్రశ్నలడుగుతూనే ఉంది, అక్కడ నువ్వెక్కడ పడుకునేదానివి, అరుగు ఇంకా ఉందా, దాని మీద మనం కూర్చోవచ్చా అని. అన్నిటికీ జవాబు చెప్పాను. అంత సంతోషంగా ఎన్నాళ్ళకి ఉన్నానో.

మధ్యాహ్నానికి చేరాం. అరుగుంది. గుమ్మంలో మా మరదలు రత్నమాణిక్యం నవ్వుతూ ఎదురొచ్చి, చేతిలో సంచి అందుకుని, కాళ్ళకి నీళ్ళిచ్చింది. చక్కగా నవ్వింది, ఏ లోపమూ లేదు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. హైమ ఆటో దిగినప్పుడల్లా నేను నవ్వే నవ్వు అది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగుతుంటే గదిలో మంచం మీద సగం సర్దిన రెక్సిన్ బ్యాగు కనబడింది. పక్కనే మడతలు విప్పిన చీరలు, పిల్లాడి కొత్త చొక్కా, పేపర్లో చుట్టిన అరిసెలు. రత్నం మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్తూ గది తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరైనా ఊరెళ్తున్నారా రత్నం?" అని అడిగాను.

"లేదండి వదినగారూ, ఏవో పాతబట్టలు సర్దుతున్నాను," అంది.

రత్నం కొడుక్కి నాలుగేళ్ళు. వాడు హేమశ్రీ వెంట తెచ్చుకున్న తాటాకు బొమ్మను లాక్కుని చూస్తూ, "మేం అంబాజీపేట వెళ్ళాలి ఇవాళ. అమ్మమ్మ దగ్గరికి. అత్త వస్తోందని అమ్మ వెళ్ళద్దన్నది," అన్నాడు.

రత్నం వాడి నెత్తి మీద మెల్లిగా ఒకటి వేసి, "వాడి మొహం. ఎప్పుడైనా వెళ్ళొచ్చండి. ఏటా ఈ నెల్లో వెళ్తూనే ఉన్నాను కదా. మీరు రాక రాక వచ్చారు," అంది.

ఏటా వెళ్తూనే ఉంది. ఆమె కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఏ మే నెలలోనూ నేను ఇక్కడికి రాలేదు కాబట్టి ఆమెకు వెళ్ళడం కుదిరింది. నేను మండపేటలో కదలకుండా ఉండడం వల్ల అంబాజీపేటలో ఒక తల్లి కూతుర్ని చూసుకుంది. ఇవాళ నేను కదిలాను, ఆమె ఆగిపోయింది. ఎవరూ ఎవర్నీ ఆపమనలేదు, ఏ మగవాడూ గట్టిగా ఒక మాట కూడా అనలేదు.  వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికీ రానని కూడా అనిపించింది.

గది తలుపు తోసి లోపలికి వెళ్ళాను. మంచం మీది చీరలు మడత పెట్టి బ్యాగులో సర్దడం మొదలుపెట్టాను. రత్నం పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, ఏంటండి ఇది. మీరొచ్చిన పూటే నేనెళ్తే ఏం బాగుంటుంది? మీకు పుట్టింటికొచ్చిన ముచ్చటైనా తీరదు."

"నేను పుట్టింటికే వచ్చాను రత్నం. నువ్వూ మీ పుట్టింటికి వెళ్ళు," అన్నాను. "అంబాజీపేట వెళ్ళడానికి అమలాపురం బస్సుకి ఇంకా టైముంది కదా?"

ఆమె మంచం చివర కూర్చుండిపోయింది. తర్వాత లేచి పిల్లాడి కొత్త చొక్కా తీసి వాడికి తొడగడం మొదలుపెట్టింది. అప్పుడే తమ్ముడు మార్కెట్ నుంచి వచ్చాడు. అక్క వచ్చిందని రొయ్యలు తెచ్చాడు. నీళ్ళు కారుతున్న సంచి రత్నానికి అందించబోయి, బ్యాగు చూసి, చొక్కా వేసుకుంటున్న కొడుకును చూసి, నన్ను చూశాడు. రత్నం ఊరెళ్తోందని, వారం తర్వాత వస్తుందని చెప్పాను.

"మరి మనకి వంటెవరు చేస్తారక్కా?" అన్నాడు.

"నువ్వు," అన్నాను.